చెట్లు నీవి, రాళ్లు నావి

పాలియోకంబోస్, మిటిలిని దీవి
1995 మార్చి 20

ఒరేయ్ ఇగ్నాతీ,

నీ ఒళ్లు బాగుందని, పిరేయస్ రేవులో ఆ ఇనుప ధూళి నీ ఊపిరితిత్తులను ఇంకా పూర్తిగా మింగలేదని తలుస్తాను. నా సంగతికేం, మోకాలు తప్ప మీ అక్కలో మిగతాదంతా బాగానే ఉంది.

ముందే చెబుతున్నాను, మన ఊరి కాఫీ కొట్టుకు ఫోన్ చెయ్యకు. నేను ఆ గొట్టం చెవిన పెట్టుకుంటే పాచికలాడేవాళ్లు కూడా చేతులాపి వింటారు. మన మాటలు మన మధ్యే ఉండాలనే ఈ ఉత్తరం.

పై ఆలివ్ తోట గురించి రాయాలి. నాన్న వీలునామా గుర్తుందిగా, చెట్లు నావి, వాటి కింద నేల నీది. మన దీవిలో అలా రాయడం కొత్తేం కాదు గాని, మనిద్దరినీ జన్మంతా ఒక తాటికి కట్టేద్దామనే ఆయన అలా రాశాడని నా అనుమానం. "చెట్లు నీవి, రాళ్లు నావి. నువ్వు నూనె తాగు, నేను రాళ్లు నములుతాను" అని నువ్వు ఆవేళ నవ్వావు. ఇన్నాళ్లూ నీ రాళ్లతో నాకు ఏ పేచీ రాలేదు. ఇప్పుడొక మాట కావాలి.

సేంద్రియ సాగుకు మారి ఇది మూడో ఏడు. అక్టోబరులో తనిఖీకి వస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే నా నూనెకు పత్రం ఇస్తారు. మావారు పోయాక నేను సొంతంగా మొదలుపెట్టిన పని ఇదొక్కటే. ఈలోగా ఒక్క చుక్క మందు నేల మీద పడినా మళ్లీ మొదటికే. మరి మన చిన్నాన్న కొడుకు ప్రొకోపిస్ ఉన్నాడే, ట్రాక్టరు కొన్నప్పటి నుంచి వాడి చేతులు ఊరుకోవడం లేదు. "అక్కా, ఊరికే దున్నిపెడతాను, దారిన పోతుంటే నాకే సిగ్గుగా ఉంది" అని గుమ్మం పట్టుకుని నిలబడతాడు. మనవాళ్ల సంగతి నీకు తెలియనిదా? చెట్టు కింద నేల ఊడ్చిన వాకిలిలా ఉంటేనే రైతు. గడ్డి కనిపించిందంటే ఆ తోట అనాథ, ఆ ఇంటి ఆడది బద్ధకస్తురాలు.

నా గడ్డి బద్ధకం కాదురా. రాతి కట్టల వెంట జిగురు మొక్క ఉంటుంది చూడు, చిన్నప్పుడు మన చొక్కాలకు అంటుకుని అమ్మచేత తిట్లు తినిపించేది, ఎండాకాలం చివర పచ్చగా పసుపు ముద్దలా పూస్తుంది. ఆ పూలల్లో ఒక చిన్న ఈగ గుడ్లు పెడుతుంది. ఆ ఈగ పిల్లలను తినడానికి చీమ తలకాయంత కందిరీగ వస్తుంది. ఆ కందిరీగే తర్వాత మన కాయల దగ్గరికి వచ్చి, లోపల దాక్కున్న కాయ ఈగ పురుగును తినేస్తుంది. చలికాలమంతా అది తలదాచుకునేది ఆ ఎండు పూలల్లోనే. సేంద్రియ రైతుల సంఘం నుంచి వచ్చే అమ్మాయి చెబితే నమ్మలేదు. ఎండు పూలు సీసాలో వేసి మూత పెట్టి చూశాను. నిజంగానే వచ్చాయి.

అందుకని ఆ మొక్కను వేళ్లతో సహా పెళ్లగించి, పై కట్ట నుంచి బోసిగా ఉన్న కింది కట్టలకు తరలిస్తున్నాను. జిగురు మొక్కకు పెళ్లి చేసి అత్తారింటికి పంపుతున్నాననుకో. పంపేముందు రెండు మాటలు కూడా చెబుతున్నాను దానికి. ఇది నీకొక్కడికే రాస్తున్నాను. బయట తెలిస్తే ముసల్దానికి పిచ్చెక్కిందంటారు.

కనుక నేల యజమాని గారు నాకు మాటివ్వాలి. నీ నేల మీద ఎవరూ నాగలి పెట్టకూడదు, మందు కొట్టకూడదు, నిప్పు పెట్టకూడదు. నాన్న మీద ఒట్టేసి రాయి.

నీ అక్క,
చెట్ల యజమానురాలు
మిర్సీని

*

పిరేయస్
1995 ఏప్రిల్ 9

అక్కా,

ఉత్తరం అందింది. ఉప్పు చేపలూ అందాయి. డబ్బా దారిలో కారినట్టుంది, పోస్టుమ్యాన్ నాతో మాట్లాడటం మానేశాడు. అయినా ఆ చేపలు, ఒక గ్లాసు ఊజో సారా ఉంటే ఈ ఊళ్లో బతకొచ్చు.

ఒట్టు అడిగావు. నాన్న మీద ఒట్టు, నీ మాట లేకుండా నా నేల మీద గడ్డిపరక కూడా కదలదు. చాలా? నువ్వు అడగాలా ఇది? ఓడ అడుగున పడుకుని తుప్పు గీకేవాడికి ఆ రాళ్లతో పనేముంది?

నీ జిగురు పెళ్లికూతురి సంగతి చదివి ఎంత నవ్వుకున్నామో. పెళ్లికొడుకెవరు, పక్కనున్న ముళ్లపొదేనా?

ఒక్క మాట మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాన్న ఉన్నప్పుడు ఆ తోటలో సూది పడినా కనిపించేది. ఇప్పుడు గడ్డి, పొదలు అని రాస్తున్నావు. మోకాలు నొప్పంటున్నావు. ఒంట్లో బలం చాలక వదిలేసి, దానికో మంచి పేరు పెట్టుకోవడం లేదు కదా? అలాంటిదేమైనా ఉంటే నా దగ్గర దాచకు.

నీ తమ్ముడు,
రాళ్ల యజమాని
ఇగ్నాతిస్

*

పాలియోకంబోస్
1995 జూన్ 18

ఇగ్నాతీ,

నీ ఒట్టు చదివాక కంటి నిండా నిద్రపోయాను. ఆ ఉత్తరం నాన్న ఫొటో వెనకాల పెట్టాను, ఆయనా సాక్షిగా ఉంటాడని.

"నవ్వుకున్నాం" అని రాశావు. నువ్వొక్కడివే ఉంటావు కదరా, నవ్విన రెండోవాడెవడు?

బలం చాలక వదిలేశానా? అబ్బో. దున్నిన తోటలో సూది కనిపిస్తుంది, నిజమే. ఇంకేమీ కనిపించదు. ఒకసారి వచ్చి చూడు. అడవి బేరి చెట్టు తొర్రలో గుడ్లగూబ పిల్లల్ని చేసింది, సాయంత్రం నేను బయల్దేరేటప్పటికి నా వైపు తల ఊపుతాయి. రాళ్ల సందుల్లో బల్లులు, వాన నీళ్ల గుంటలో కప్పలు, పొద కింద కౌజు పిట్ట గుడ్లు. గొర్రెల కాపరి వెళ్తూ "ఏం వదినా, సంత పెట్టావా" అన్నాడు. పెట్టానన్నాను. కాయ ఈగను పట్టడానికి కొమ్మలకు సీసాలు కడతాం కదా, చుట్టుపక్కల తోటల్లో నిండిపోతున్నాయి. నా సీసాల్లో పడే ఈగలకు ఒకదానికొకటి తోడు కూడా ఉండదు.

ఊరి తరఫున మందు కొట్టుకుంటూ తిరిగేవాళ్లు వస్తారని తోట చుట్టూ చెక్క బోర్డులు కట్టాను. "ఇక్కడ కొట్టవద్దు" అని నేనే ఎర్ర రంగుతో రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి గాని అర్థమవుతాయి.

డాక్టరు సెప్టెంబరులో వేడినీటి గుండాలకు వెళ్లి రెండు వారాలు మోకాలు నానబెట్టమంటున్నాడు. అది జిగురు మొక్క పూసే కాలం. తనిఖీ ముందు తోట వదిలి ఎలా వెళ్లాలో తెలియడం లేదు.

నీ అక్క
మిర్సీని

*

పిరేయస్
1995 ఆగస్టు 20

అక్కా,

ఆలస్యమైంది, మన్నించు. పెద్ద ఓడ ఒకటి రేవుకొచ్చింది, రోజుకు పన్నెండు గంటలూ దాని పొట్టలోనే.

నవ్విన రెండోవాడెవడంటావు. ఎవరుంటారక్కా, ఆదివారం కాఫీ కొట్టులో మన దీవి వాళ్లే నలుగురు. పరాయివాళ్లు కాదు.

ఒక సంగతి చెప్పాలి. పోయిన నెల మన ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. పేరెందుకులే. అందరూ ఉండగా "మీ నాన్న తోట అనాథ అయిపోయిందిరా ఇగ్నాతీ, నేల నీదేనటగా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. నేనేం జవాబు చెప్పను? కందిరీగల కథ చెప్పనా?

సర్లే, అది వదిలెయ్. నువ్వు గుండాలకు వెళ్లి తీరాలి. నా మీద గౌరవం ఉంటే వెళ్లు. రెండు వారాలకు తోటేం పారిపోదు. నిశ్చింతగా నానబెట్టుకో. తిరిగొచ్చేసరికి అన్నీ చక్కగా ఉంటాయి.

నీ తమ్ముడు
ఇగ్నాతిస్

*

పాలియోకంబోస్
1995 సెప్టెంబరు 24

తమ్ముడూ,

నిలబడే రాస్తున్నాను. కూర్చుంటే ఏడుస్తాను, ఏడిస్తే రాయలేను.

నిన్న గుండాల నుంచి బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా సంచీతోనే పై తోటకు నడిచాను. మోకాలు నిజంగానే తేలికపడింది, పువ్వులు చూద్దామని ఆశగా వెళ్లాను. మలుపు తిరిగాక దారి తప్పాననుకున్నాను. మన తోట కాదనుకున్నాను. నాన్న గుర్తు పెట్టిన పెద్ద చెట్టును చూశాక గాని నమ్మలేదు.

గడ్డి లేదు. నేలంతా దున్నేశారు. కట్టల వెంట జిగురు మొక్కలన్నీ పీకి, కుప్ప వేసి, పూలతో సహా కాల్చేశారు. రాళ్లు నల్లబడిపోయాయి. ట్రాక్టరు వెళ్లని చోట కలుపు మందు కొట్టారు, అక్కడ ఆకులు ఉడికిన కూరలా వేలాడుతున్నాయి. గుంట పూడ్చేశారు. బేరి చెట్టు కొట్టేశారు. గుడ్లగూబలు ఏమయ్యాయో తెలియదు. నా బోర్డులు కూడా తీసేసి, పొయ్యిలోకి పనికొస్తాయని చక్కగా కట్ట కట్టి గేటు దగ్గర పెట్టారు. బోర్డుల్లేవు కనుక ఊరి మందు కొట్టేవాళ్లు కూడా వచ్చి వెళ్లారట. వాళ్లను అనడానికేముంది?

ప్రొకోపిస్ ఇంటికి వెళ్లాను. వాడు భోజనం దగ్గర ఉన్నాడు. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది, నమ్ముతావా.

"చూశావా అక్కా? అద్దంలా ఉందా లేదా? మూడు రోజులు పట్టింది. డీజిలు కూడా నేనే పోశా."

"ఎవడు చెయ్యమన్నాడురా నిన్ను?"

"అదేంటి, నేల యజమానే. ఇగ్నాతిస్ ఫోన్ చేశాడు. నువ్వు గుండాలకు వెళ్తున్నావని, అప్పుడైతే నీకు శ్రమ ఉండదని."

వాడి భార్య ముందే వాణ్ణి అబద్ధాలకోరు అన్నాను. "నా తమ్ముడు నాన్న మీద ఒట్టేశాడు, ఆ ఉత్తరం మా ఇంట్లో ఉంది, ఇంకొకసారి వాడి పేరెత్తితే నాలుక కోస్తాను" అన్నాను. ప్రొకోపిస్ తెల్లబోయాడు. చెంచా కింద పెట్టి, నన్ను చల్లార్చాలని కాబోలు నవ్వుతూ అన్నాడు: "ఊరుకో అక్కా. జిగురు మొక్కకు ఇంకో సంబంధం చూద్దాంలే."

అప్పటి నుంచి ఆ మాట నన్ను తినేస్తోంది. ఆ పెళ్లి మాట నేను ఊళ్లో ఒక్క ప్రాణికి చెప్పలేదు. నీకు రాశాను. వాడి దాకా ఎలా వచ్చింది?

ఇదంతా అబద్ధమని రాయి ఇగ్నాతీ. ప్రొకోపిస్ తనంతట తాను చేసి నీ మీద పెడుతున్నాడని రాయి. ఒక్క ముక్క చాలు, నమ్ముతాను. నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

అక్క

*

పిరేయస్
1995 అక్టోబరు 8

అక్కా,

ప్రొకోపిస్ మీద కోపం వద్దు. నేనే చెప్పాను.

నా మాట కూడా విను. నీ మోకాలి కోసం చేశాను. నాన్న పేరు కోసం చేశాను. నువ్వు అక్కడ ఒక్కదానివి, నీ ముందు ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ నా ముందు అంటారు. నీ ఉత్తరం నేను మంచికే చదివాను కొట్టులో, మా అక్క ఎంత చక్కగా రాస్తుందో వినండని. వాళ్లు నవ్వారు. మొదట నేనూ నవ్వాను. తర్వాత అది ఆగలేదు. నేను లోపలికి అడుగు పెడితే చాలు, పెళ్లికూతురు బాగుందా, కందిరీగలు కులాసానా అని మొదలు. వాళ్ల ఉత్తరాల్లో అది మన ఊరు కూడా చేరినట్టుంది. అనాథ తోట యజమాని అని పేరు పెట్టారు. ముప్పై ఏళ్లుగా ఆ కొట్టులో నాకొక కుర్చీ ఉంది అక్కా, నాకు ఈ ఊళ్లో ఉన్న పరువంతా ఆ కుర్చీయే.

ఒట్టు గుర్తుంది. కానీ నువ్వు నా చేత నాన్న మీద ఒట్టు వేయించుకున్నావు, నాన్న బతికుంటే ఎవరి వైపు ఉండేవాడు? ఆయనే దున్నించేవాడు.

అయినా ఇప్పుడేమైంది? గడ్డే కదా, మళ్లీ మొలుస్తుంది. పత్రం ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. అక్కాతమ్ముళ్ల మధ్య గడ్డి అడ్డం రాకూడదు.

నీ తమ్ముడు
ఇగ్నాతిస్

*

పాలియోకంబోస్
1995 నవంబరు 12

ఇగ్నాతిస్ గారికి,

మీ ఉత్తరం చేరింది.

తనిఖీకి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు. మాడిన కట్టల వెంట నడిచి, మట్టి కొంచెం సంచీలో వేసుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చావు ఇంటికి వచ్చినట్టు. మళ్లీ మొదటి నుంచి లెక్క అన్నాడు. మూడేళ్లు. ఎవరు చేశారని అడిగితే నేల యజమాని అని చెప్పాను. అక్కడ ఆయన ఏమీ రాసుకోలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని అమ్మ అంటుండేది. ఇన్నాళ్లకు అర్థమైంది. దున్నినందుకు కాదు నా ఏడుపు, ప్రొకోపిస్ దున్నితే తిట్టి ఊరుకునేదాన్ని. నేను లేని రోజులు చూసి చేయించారు మీరు. వెళ్లమని మీరే నన్ను తోలారు. బయల్దేరేముందు ఫలానా రోజులని మీకు నేను కార్డు రాసింది నమ్మకంతో.

ఒక బేరం రాస్తున్నాను. నా చెట్లన్నీ మీ పేర రాసేస్తాను. బదులుగా ఆ నేల నా పేర రాయండి. ఇక్కడి నోటరీ కాగితాలు సిద్ధం చేశాడు, దీనితో పాటే పంపుతున్నాను. అక్కడి నోటరీ ముందు సంతకం చేసి తిప్పి పంపండి.

మిర్సీని

*

పిరేయస్
1995 డిసెంబరు 17

నా బంగారు అక్కా,

"గారు" అనీ "మీరు" అనీ నీ వెటకారం మొదట్లో నా గుండె ఆపింది. తర్వాత కాగితాలు చదివాను. రెండుసార్లు చదివాను. నోటరీ కూడా "మీ అక్కగారికి ఒంట్లో బాగానే ఉందా" అని అడిగాడు. గడ్డి కోసం కాపు చెట్లు వదులుకుంటారా ఎవరైనా? నువ్వు తప్ప ఎవరు చేస్తారు? నీ కోపం కూడా చివరికి ఇవ్వడంలోకే దిగుతుంది. నన్ను క్షమించావని నాకు అర్థమైంది. రాసి చెప్పడం నీకు చేతకాదు, అంతే.

సంతకం చేసేశాను. కాగితాలు దీనితో ఉన్నాయి.

ఆదివారం కొట్టులో నీ ఉత్తరం చదివి వినిపించాను. ఈసారి ఒక్కడూ నవ్వలేదు. "అక్కంటే అలా ఉండాలి" అని అందరూ గ్లాసులెత్తారు. నా కుర్చీ నాకొచ్చేసింది.

ఫిబ్రవరిలో సెలవు పెట్టి కాయ దులపడానికి వస్తాను. వలలు నీవి వాడుకుంటాను. వసంతంలో ప్రొకోపిస్ చేత ఇంకోసారి దున్నిస్తే బాగుంటుంది, నీకు అభ్యంతరం లేకపోతేనే. నూనెలో సగం నీదే, వాదించకు.

నీ తమ్ముడు,
ఇప్పటి నుంచి చెట్ల యజమాని
ఇగ్నాతిస్

*

పాలియోకంబోస్
1996 జనవరి 28

ఇగ్నాతిస్,

కాగితాలు చేరాయి. సంతకం నీదే, ముద్ర సరిగ్గానే పడింది. రిజిస్టరు చేయించాను.

నేను నిన్ను క్షమించలేదు. ఎక్కడా అలా రాయలేదు, మళ్లీ చదువుకో. నేనిచ్చింది కానుక కాదు, బేరం. నేల ఎవడి చేతిలో ఉంటే వాడు చెట్టును ఏమైనా చేయగలడని నాకు నువ్వే చూపించావు. నువ్వు మాటిచ్చి తప్పావు, కనుక నీ మాట మీద ఆధారపడాల్సిన అవసరం లేకుండా చేసుకున్నాను. అంతకు నాకున్నదంతా అయింది. ఈ నెల మొదటి నుంచి పక్క లోయలో కూలికి కాయ ఏరుతున్నాను. ఈ వయసులో వేరేవాళ్ల వలల మీద మోకాళ్లు వంచడం కష్టంగానే ఉంది. అయినా సాయం అడుగుతున్నాను అనుకోకు, నీ సగం నూనె నాకు వద్దు.

ఆచారం నీకు తెలుసు. చెట్ల యజమానికి చెట్టు దాకా నడిచే హక్కుంది, వల పరిచే హక్కుంది, కాయ దులిపే హక్కుంది. ఆ దారి వదిలి అడుగు పక్కకు వేసే హక్కు లేదు. దున్నే హక్కు లేదు, మందు కొట్టే హక్కు లేదు, కాల్చే హక్కు లేదు. ప్రొకోపిస్‌కు కూడా చెప్పాను. పాపం, "నేను ఇగ్నాతిస్ మాట మీదే కదక్కా చేశాను" అన్నాడు. "నేనూ వాడి మాట మీదే గుండాలకు వెళ్లాను" అన్నాను. వాడు ఆ సాయంత్రమే పూడ్చిన గుంట తిరిగి తవ్విపెట్టి వెళ్లాడు. వాడితో నాకు ఏ పేచీ లేదు.

నీ కాయ ఈ ఏడు బాగాలేదు. చాలావరకు రాలిపోయింది. వచ్చే ఏడు ఇంకా ఎక్కువ పురుగు పడుతుంది, తినేవాటిని కాల్చేశావు కనుక. తర్వాతి ఏడు సంగతి చెప్పలేను.

నిన్న పై కట్ట మీద, మాడిన రాళ్ల సందులో, జిగురు మొక్క వేరు నుంచి చిగురేసింది. వేలితో తాకితే అంటుకుంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. దానితో రెండు మాటలు కూడా చెప్పాను. అవేమిటో ఈసారి రాయను.

వచ్చేటప్పుడు ముందుగా ఉత్తరం రాయి, గేటు తాళం నా దగ్గర ఉంటుంది. నీ వలలు నువ్వు తెచ్చుకో. ఇది కూడా ఆదివారం కొట్టులో చదువుతావని తెలుసు. చదువు. కింద సంతకం దాకా చదువు.

రాళ్ల యజమానురాలు
మిర్సీని